మార్కులు తక్కువొస్తే మతిమరుపేనా? జ్ఞాపకశక్తిని కొలిచే ప్రశ్నల కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక చిన్న పనితో మొదలుపెడదాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యకుండా, వందలోంచి ఏడు తీసెయ్యండి. తొంభై మూడు. అందులోంచి ఇంకో ఏడు? ఎనభై ఆరు. మళ్ళీ ఇంకో ఏడు? ఇలా మొత్తం ఐదుసార్లు చెయ్యాలి. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగారు కదా? పర్లేదు, చాలామంది ఆగుతారు.

ఇప్పుడు ఇదే ప్రశ్నని ఎనభై ఏళ్ళ నానమ్మని అడిగామనుకోండి. ఆవిడ బడి గడప తొక్కలేదు. కానీ కూరగాయల బేరంలో ఆవిడని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు. ఏ నెల చిట్టీ ఎవరు ఎత్తుకున్నారో, ఎవరి పెళ్ళికి ఎవరు ఎంత చదివించారో నోటికి చెప్పేస్తుంది. అలాంటి నానమ్మ "వందలోంచి ఏడు, మళ్ళీ ఏడు, మళ్ళీ ఏడు" అంటే మన మొహం చూసి నవ్వి ఊరుకుంటుంది. కాగితం మీద మాత్రం ఐదుకి సున్నా పడుతుంది.

ఆ సున్నా దేన్ని కొలిచింది? ఆవిడ జ్ఞాపకశక్తినా? ఆవిడ ఎక్కని బడి మెట్లనా? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ నూట ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన హైదరాబాద్‌కి పెద్ద భాగమే ఉంది.

కాటాకి ముద్ర ఉంటుంది, ప్రశ్నలకి?

ముందు ఒక బేసిక్ విషయం. మా నారపల్లిలో హైవే పక్కన కూరగాయల బండి దగ్గర నిలబడ్డారనుకోండి. కాటా మీద అవే టమాటాలు మూడుసార్లు పెడితే మూడు బరువులు చూపించిందంటే, ఆ కాటాని నమ్మలేం. కొలిచిన ప్రతిసారీ ఒకేలా కొలవడాన్ని రిలయబిలిటీ అంటారు. మనం నిలకడ అనుకుందాం.

సరే, ఇంకో కాటా ఉంది. ఎన్నిసార్లు పెట్టినా కచ్చితంగా కిలో అనే చూపిస్తుంది. కానీ అసలు బరువు తొమ్మిది వందల గ్రాములే. నిలకడ ఉంది, నిజం లేదు. మూడో కేసు ఇంకా తమాషాగా ఉంటుంది. కాటా పర్ఫెక్ట్‌గా ఉంది, కానీ మనం దాంతో టమాటాల బరువు చూసి, అవి ఎంత తాజాగా ఉన్నాయో చెప్పేస్తున్నాం. కొలత కరెక్టే, కానీ కొలవాలనుకున్నది అది కాదు. మనం దేన్ని కొలుస్తున్నాం అనుకుంటున్నామో నిజంగా దాన్నే కొలుస్తున్నామా అని రుజువు చేసుకోవడమే వాలిడేషన్.

కాటాకైతే తూనికలు కొలతల శాఖవాళ్ళు వచ్చి పరీక్ష చేసి ముద్ర వేస్తారు. మరి మనిషి తెలివిని, జ్ఞాపకాన్ని, డిప్రెషన్‌ని కొలిచే ప్రశ్నల కాగితానికి ముద్ర ఎవరేస్తారు? అలాంటి ఇన్‌స్పెక్టర్ ఎవరూ లేరు. ఆ ప్రశ్నల్ని తయారుచేసినవాళ్ళు, వాడేవాళ్ళు ఊరూరా తిరిగి, వందల మందిని కూర్చోబెట్టి రుజువు చేసుకోవాల్సిందే. అదే ఆ కాగితానికి ముద్ర. అది లేకుండా వాడితే ఏమవుతుందో చూద్దాం.

పారిస్‌లో పుట్టి, న్యూయార్క్‌లో దారి తప్పి

1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. పిల్లలందరూ బడికి వస్తున్నారు, అందులో కొందరు వెనకబడుతున్నారు. వాళ్ళెవరో తెలిస్తే విడిగా సాయం చెయ్యొచ్చు. ఎలా గుర్తించాలి? ఆ పని మీద ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే ఇద్దరు 1905లో ముప్ఫై చిన్న చిన్న పనులతో ఒక స్కేల్ తయారుచేశారు. తేలికవాటితో మొదలై పోనుపోను కష్టమయ్యే పనులవి. బినే ఉద్దేశం చాలా క్లియర్‌గా ఉంది: ఇది సాయం ఎవరికి కావాలో చూసే పరికరం. పిల్లాడి నుదుటి రాత కాదు.

ఆ స్కేల్ సముద్రం దాటి అమెరికా వెళ్ళింది. హెన్రీ గొడార్డ్ అనే సైకాలజిస్ట్ దాన్ని 1908లో ఇంగ్లీష్‌లోకి మార్చాడు. 1913లో ఆయన టీమ్ న్యూయార్క్ పక్కన ఉన్న ఎల్లిస్ దీవిలో, యూరప్ నుంచి ఓడల్లో వచ్చిన వలస కుటుంబాల మీద అలాంటి పరీక్షలు పెట్టింది. ఒక్కసారి ఊహించుకోండి. మూడో తరగతి టికెట్ మీద సముద్రం దాటి అప్పుడే దిగారు. భాష రాదు. కొందరు జీవితంలో పెన్సిల్ పట్టుకోలేదు. ఎదురుగా ఒక అధికారి, పక్కన ఒక దుబాసీ. రిజల్ట్ ఏంటో తెలుసా? పరీక్ష రాసిన రష్యన్లు, ఇటాలియన్లు, యూదులు, హంగేరియన్లలో దాదాపు 80 శాతం మంది మందబుద్ధులని లెక్క తేలింది!

మీరొక యాప్ రాస్తే, అది నూటికి ఎనభై మంది యూజర్లని ఫెయిల్ చేస్తోందంటే ఏం చేస్తారు? ముందు కోడ్‌లో బగ్ వెతుకుతారు. కానీ ఆ రోజుల్లో చాలామంది యూజర్లలో బగ్ వెతికారు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేటప్పుడు రోజూ వినపడే జోకొకటి ఉంది: "నా సిస్టమ్‌లో అయితే పనిచేస్తోందే!" పారిస్ బడిపిల్లల మీద పనిచేసిన స్కేల్, ఓడ దిగిన రైతుకూలీ మీద కూడా పనిచేస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేదు.

మన దేశానికి వచ్చాక

బినే స్కేల్ మన దేశానికీ వచ్చింది. వి.వి. కామత్ అనే పరిశోధకుడు కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లల కోసం దాన్ని మార్చి, 1934లో ఆ పని ప్రచురించారు. బినే-కామత్ పరీక్ష అనే పేరుతో అది దశాబ్దాల పాటు మన ఆసుపత్రుల్లో, స్పెషల్ స్కూళ్ళలో వాడుకలో ఉంది.

ఇక మన దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్ అనే చోటు ఉంది. అక్కడ 1984లో మానసిక వికలాంగుల కోసం ఒక జాతీయ సంస్థ మొదలైంది. అప్పట్లో దాన్ని ఎన్‌ఐఎమ్‌హెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. ఆ సంస్థ నుంచి 1992లో రీతా పెషావరియా, ఎస్. వెంకటేశన్ కలిసి ఒక స్కేల్ తెచ్చారు. పేరు బేసిక్-ఎమ్‌ఆర్. దాని మొదటి భాగంలో 280 అంశాలు ఉంటాయి, ఏడు విభాగాలు, ఒక్కోదాంట్లో నలభై. కదలికలు, రోజువారీ పనులు, భాష, చదవడం రాయడం, అంకెలు-టైము, ఇంట్లో నలుగురితో మెలగడం, డబ్బు వాడకం లాంటివి.

ఇందులో నాకు నచ్చిన విషయం ఏంటంటే, ఈ స్కేల్ "ఈ పిల్లాడి తెలివి ఇంత" అని ఒక్క నంబర్ చెప్పి చేతులు దులుపుకోదు. "ఈ పాప ఇప్పుడు తనంతట తాను అన్నం తినగలదు, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చేయి సాయం కావాలి" అని టీచర్‌కి చెప్తుంది. అప్పుడు వచ్చే మూడు నెలల్లో ఏం నేర్పాలో తెలుస్తుంది. బినే మొదట కోరుకున్నది కూడా ఇదే.

"ఒక నంబర్ కోసం ఇంత గొడవ ఎందుకు బ్రో" అనుకోకండి. మన తెలుగు రాష్ట్రాల్లో సదరం క్యాంపు అంటే తెలియని ఊరు ఉండదు. వైకల్యం ఎంత శాతమో అక్కడ తేలుస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రిజర్వేషన్ల లాంటి చాలా సౌకర్యాలకి గీత 40 శాతం దగ్గర ఉంది. చెయ్యో కాలో అయితే కంటికి కనపడుతుంది. బుద్ధిమాంద్యం, జ్ఞాపకశక్తి తగ్గడం లాంటివాటికి ఆ శాతం ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా ఇలాంటి పరీక్షల నుంచే. పరీక్షలో తప్పుంటే, గీతకి ఇటు ఉండాల్సిన మనిషి అటు పడిపోతాడు.

నానమ్మ స్కోరు లెక్క

ఇప్పుడు మన నానమ్మ దగ్గరికి వద్దాం. వయసు మీద పడ్డాక వచ్చే డిమెన్షియాని, అంటే మతిమరుపు జబ్బుని, పది నిమిషాల్లో పైపైన చూడటానికి 1975లో అమెరికాలో ఒక పరీక్ష వచ్చింది. మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ తయారుచేశారు. పేరు మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్, పొట్టిగా ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈ. మొత్తం 30 మార్కులు. మామూలుగా 24 కన్నా తక్కువ వస్తే అనుమానించాలి అంటారు. ప్రపంచంలో చాలా ఎక్కువగా వాడిన పరీక్షల్లో ఇదొకటి.

ఇందులో ఏముంటాయంటే, ఇవాళ తేదీ ఎంత, మనం ఎక్కడున్నాం, మూడు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకుని కాసేపాగి చెప్పడం లాంటివి. వీటితోపాటు ఏడుల లెక్కకి 5 మార్కులు. రాసి ఉన్న ఒక ఆజ్ఞ చదివి అలా చెయ్యడానికి 1. ఒక వాక్యం రాయడానికి 1. ఒకదానిమీదొకటి పడిన రెండు ఐదుమూలల బొమ్మలు చూసి గీయడానికి 1.

ఇప్పుడు లెక్కెయ్యండి. నానమ్మకి చదవడం రాదు: ఒకటి పోయింది. రాయడం రాదు: రెండు. పెన్సిల్ పట్టుకోలేదు కాబట్టి బొమ్మ రాదు: మూడు. ఏడుల లెక్క ఐదూ పోయాయి: మొత్తం ఎనిమిది. మిగతా ప్రతి ప్రశ్నకీ కరెక్ట్‌గా చెప్పిందే అనుకుందాం. ముప్ఫైలోంచి ఎనిమిది పోతే ఇరవై రెండు. గీత ఎక్కడుంది? ఇరవై నాలుగు దగ్గర. అంటే జ్ఞాపకంలో ఏ లోపం లేని మనిషి కూడా గీత కింద ఉంది!

ఇది నేను ఊహించి చెప్తున్న లెక్క. కానీ నిజం లెక్క కూడా ఉంది. 1993లో అమెరికాలో పద్దెనిమిది వేల మందికి పైగా పెద్దవాళ్ళ స్కోర్లు చూశారు. తొమ్మిదేళ్ళు, అంతకన్నా ఎక్కువ చదివినవాళ్ళలో మధ్యస్థ స్కోరు, అంటే వరుసలో సరిగ్గా మధ్యలో నిలబడ్డ మనిషి స్కోరు, 29. ఐదు నుంచి ఎనిమిదేళ్ళు చదివినవాళ్ళలో 26. నాలుగేళ్ళు, అంతకన్నా తక్కువ చదివినవాళ్ళలో? సరిగ్గా 22. ఇంగ్లీష్ మాట్లాడే దేశంలోనే పరిస్థితి ఇది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత దాదాపు 67 శాతం. పెద్ద వయసు ఆడవాళ్ళలో ఇంకా తక్కువ. మరి ఆ పరీక్షని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడితే ఏం కొలుస్తున్నట్టు?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని మర్చిపోవద్దు. రిటైరైన ఒక లెక్చరర్ గారు ఉన్నారనుకోండి. మామూలుగా 30కి 30 తెచ్చుకునే మనిషి. జబ్బు మొదలై 26కి దిగారు. గీతకి పైనే ఉన్నారు కాబట్టి కాగితం "ఏం పర్లేదు" అంటుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఈ మధ్య నాన్నగారు అడిగిందే అడుగుతున్నారు" అంటుంటారు. అంటే ఒకే గీత చదువు లేనివాళ్ళకి లేని జబ్బు అంటగట్టింది, చదువుకున్నవాళ్ళకి ఉన్న జబ్బు దాచిపెట్టింది.

తర్జుమా చేస్తే సరిపోదా?

చాలామందికి వచ్చే ఐడియా ఇదే. తెలుగులోకి తర్జుమా చేస్తే అయిపోతుంది కదా అని. చేసి చూద్దాం.

లెక్క రానివాళ్ళ కోసం ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈలో ఇంకో దారి ఉంది: ఐదక్షరాల ఒక ఇంగ్లీష్ మాట స్పెల్లింగ్‌ని వెనక నుంచి చెప్పాలి. తెలుగులో "పుస్తకం" వెనక నుంచి చెప్పండి చూద్దాం. కం, స్త, పు అంటారా? ఒత్తుని విడగొట్టి చెప్పాలా? సున్నాని ఏం చెయ్యాలి? మనకి అక్షరం అంటే ఒక పూర్తి పలుకు, ఇంగ్లీష్ లెటర్ లాంటిది కాదు. ప్రశ్న తర్జుమా అయింది కానీ, కొలిచే పని అక్కడే ఆగిపోయింది.

తేదీ ప్రశ్న తీసుకోండి. పల్లెటూరి నానమ్మని ఇవాళ ఎన్నో తారీఖు అంటే తడుముకోవచ్చు. కానీ "ఎల్లుండి అమావాస్య, కార్తీకం అయిపోతుంది" అని టక్కున చెప్తుంది. ఆవిడకి కాలం తెలిసినట్టా, తెలియనట్టా? ఇంగ్లీష్ పరీక్షలో ఏ ఋతువు అని అడిగితే అక్కడ నాలుగే. మన దగ్గర పంచాంగంలో ఆరు, ఇంట్లో మాట్లాడుకునేవి మూడు: ఎండాకాలం, వానాకాలం, చలికాలం.

ఈ తలనొప్పిని మన దేశంలో సీరియస్‌గా ఎదుర్కొన్న మొదటి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో జరిగింది. మేరీ గంగూలీ, విజయ్ చంద్ర, వాళ్ళ టీమ్ కలిసి, చదువు రాని పల్లె వృద్ధుల కోసం హిందీలో ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈని మళ్ళీ కట్టారు. అది 1995లో ప్రచురితమైంది. వాళ్ళు చేసిన మార్పులు చూడండి. ఏడుల లెక్క బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పించారు. చదివి చెయ్యాల్సిన ఆజ్ఞ బదులు, "నా మొహం చూసి నేను చేసినట్టే చెయ్యండి" అని పరీక్ష చేసేవాళ్ళే కళ్ళు మూసి చూపించారు. వాక్యం రాయడం బదులు, "మీ ఇంటి గురించి ఒక మాట చెప్పండి" అన్నారు.

గమనించారా? మాటలు మార్చడంతో ఆగలేదు. "ఈ ప్రశ్న అసలు దేని కోసం పెట్టారు?" అని ఒక్కో ప్రశ్ననీ విప్పి చూశారు. ఏకాగ్రత కోసమైతే, ఏకాగ్రతని బడి లేకుండా ఎలా చూడొచ్చో వెతికారు. కోడ్ భాషలో చెప్పాలంటే కాపీ పేస్ట్ చెయ్యలేదు, రిక్వైర్‌మెంట్ చదివి మళ్ళీ రాశారు.

పంజాగుట్టలో ఒక మెమరీ క్లినిక్

ఇప్పుడు హైదరాబాద్. దీనికి ముందు చిన్న లింక్ ఒకటి ఉంది. 2000లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి అడెన్‌బ్రూక్స్ అనే ఆసుపత్రి పేరుతో ఇంకా వివరమైన పరీక్ష వచ్చింది, నూరు మార్కులకి. ఆ పేపర్ మొదటి రచయిత మాథురానాథ్. తర్వాత ఆయనే కేరళలో దానికి మలయాళం రూపం మీద పనిచేశారు.

ఆ పరీక్షలో ఇంగ్లీషువాళ్ళ పేరు, డోర్ నంబర్, వీధి, ఊరుతో ఒక అడ్రస్ చెప్పి గుర్తుపెట్టుకోమంటారు. బ్రిటన్‌లో మహిళా ప్రధాని ఎవరు, హత్యకు గురైన అమెరికా ప్రెసిడెంట్ ఎవరు అని అడుగుతారు. పెంగ్విన్, కంగారూ, హార్ప్ అనే వాయిద్యం బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు. ఒక ఇంగ్లీష్ లెటర్ ఇచ్చి, దాంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్తారో లెక్కపెడతారు. ఉప్పల్ డిపో దగ్గర టీ తాగే తాతగారిని హార్ప్ పేరు అడిగితే ఆయన చెప్పలేకపోవడం జబ్బు కాదు కదా.

పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌లో న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి టీమ్ ఈ పరీక్షని ఇక్కడి భాషలకి మలిచి వాడింది. ఇందులో డాక్టర్లు ఒక్కళ్ళే లేరు. నారపల్లి నుంచి సిటీలోకి వెళ్తుంటే ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక దాటగానే వచ్చే ఉస్మానియా యూనివర్సిటీ ఉంది కదా, అక్కడి భాషాశాస్త్ర విభాగం నుంచి దుగ్గిరాల వసంత, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ వీళ్ళతో కలిసి పనిచేశారు.

వీళ్ళు అడిగిన ప్రశ్న అదిరిపోయింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి మతిమరుపు జబ్బు ఆలస్యంగా వస్తుందా? కెనడాలో అంతకుముందే అలాంటి సూచనలు వచ్చాయి. కానీ అక్కడ రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళు. తేడా భాష వల్లా, వలస వల్లా, చదువు వల్లా అని విడదీయడం కష్టం. హైదరాబాద్ సంగతి వేరు. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో హిందీ, ఇంగ్లీష్ మామూలే. ఊరు దాటి రానక్కర్లేదు, చదువుకోనక్కర్లేదు. ఆటో అన్న నాలుగు భాషల్లో బేరమాడతాడు.

2013 నవంబర్‌లో న్యూరాలజీ అనే జర్నల్‌లో వీళ్ళ పేపర్ వచ్చింది. 648 మంది డిమెన్షియా పేషెంట్లు. అందులో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళు. వాళ్ళలో జబ్బు మొదలైన వయసు, ఒక్క భాషే వచ్చినవాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యం. అసలు విషయం ఇక్కడుంది: చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. అంటే అది బడి తెచ్చిన తేడా అని కొట్టిపారేయడం కుదరలేదు. ప్రపంచమంతా దీని గురించి మాట్లాడింది.

ఇదే చివరి మాట అనుకోవద్దు. వేరేచోట్ల జరిగిన కొన్ని స్టడీల్లో ఈ ఫలితం రాలేదు. పైగా ఇది క్లినిక్‌కి వచ్చినవాళ్ళ లెక్క, ఊరందరి లెక్క కాదు. జబ్బు ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్ళు గుర్తు తెచ్చుకుని చెప్పిన మాట. చర్చ ఇంకా నడుస్తోంది. కానీ ఒకటి ఆలోచించండి. చదువు రాని మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చగలిగే పద్ధతి లేకపోతే, ఈ ప్రశ్న అడగడమే కుదిరేది కాదు. మంచి పరికరం ఉంటేనే కొత్త ప్రశ్నకి దారి దొరుకుతుంది.

ఆ పని అక్కడితో ఆగలేదు. 2020లో అడెన్‌బ్రూక్స్ పరీక్ష కొత్త రూపాన్ని తెలుగు, ఉర్దూ, హిందీతో పాటు మొత్తం ఏడు భాషల్లో, ఇక్కడి ఇంగ్లీష్‌తో సహా, పరీక్షించి ప్రచురించారు. అదే సంవత్సరం ఐసీఎమ్ఆర్ ఆధ్వర్యంలో తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళం భాషల కోసం తయారవుతున్న ఒక టూల్ బాక్స్ వివరాలు వచ్చాయి. చదువుకున్నవాళ్ళని, చదువు రానివాళ్ళని దృష్టిలో పెట్టుకుని మొదటి నుంచీ కట్టిన పద్ధతి అది.

అసలు ముద్ర ఎలా వేస్తారు?

ఇప్పుడు మీరే తెలుగులో ఒక పరీక్ష తయారుచేస్తున్నారనుకోండి. ముందు ఏం కొలవాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ప్రశ్నలు వేరే భాష నుంచి తెస్తే, ఒకళ్ళు తెలుగులోకి మార్చాలి, అసలు కాగితం చూడని ఇంకొకళ్ళు తిరిగి ఇంగ్లీష్‌లోకి మార్చాలి. రెండూ పోల్చితే ఎక్కడ జారిందో తెలుస్తుంది. తర్వాత కొద్దిమందితో కూర్చుని "ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది?" అని అడగాలి. ఈ స్టెప్ చాలామంది ఎగ్గొడతారు. తెలంగాణ, కోస్తా, రాయలసీమ మాటల తేడాలు పట్టుబడేది ఇక్కడే.

ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పెట్టాలి. వయసువారీగా, చదువువారీగా మామూలు స్కోరు ఎంతో తెలియాలి. అదే మనిషికి కొన్ని వారాల తర్వాత మళ్ళీ పెడితే దగ్గరదగ్గరగా రావాలి. ఇద్దరు వేరువేరు మనుషులు మార్కులేసినా ఒకేలా రావాలి. చివరికి, పూర్తి పరీక్షలు చేసి డాక్టర్లు తేల్చిన మాటతో ఈ స్కోరుని పోల్చాలి.

అప్పుడు గీత ఎక్కడ గీయాలి అనే ప్రశ్న వస్తుంది. ఇక్కడ ఫ్రీగా ఏదీ రాదు. గీత పైకి జరిపితే జబ్బున్నవాళ్ళు తప్పించుకోరు, కానీ లేనివాళ్ళు కూడా చాలామంది ఇరుక్కుంటారు. కిందికి జరిపితే లేనివాళ్ళు బయటపడతారు, కానీ ఉన్నవాళ్ళు కొందరు జారిపోతారు. ఊళ్ళో క్యాంపు పెట్టి పైపైన చూడటానికి ఒక గీత సరిపోవచ్చు. ఒకరి పెన్షన్, ఆస్తి సంతకం దాని మీద ఆధారపడి ఉంటే అదే గీత సరిపోదు. అందుకే ఏ పరీక్షా "వాలిడేట్ అయిపోయింది" అని ఒక్కసారిగా ముగిసిపోదు. ఎవరి మీద, ఏ పని కోసం అనేది చెప్తేనే ఆ మాటకి అర్థం.

మనకెందుకు ఇదంతా?

2023లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం, మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అంటే మీ వీధిలో ఎవరో ఒకరి ఇంట్లో ఈ మాట రాబోతోంది. "వయసైపోయింది, అంతేలే" అని వదిలేస్తే, విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ లాంటి మందులతో దారిలోకి వచ్చే కారణాలు కూడా గుర్తించకుండా పోతాయి. పది నిమిషాల కాగితం చూసి "మతి పోయింది" అని ముద్ర వేస్తే, ఇంట్లో ఆవిడ మాటకి విలువ పోతుంది. రెండూ నష్టమే.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళని చూపించడానికి వెళ్తే కొన్ని పనులు చెయ్యండి. ఎంతవరకు చదువుకున్నారో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో డాక్టర్ గారికి ముందే చెప్పండి. వినికిడి మిషన్, కళ్ళజోడు వెంట తీసుకెళ్ళండి. ప్రశ్న వినపడక, బొమ్మ కనపడక పోయిన మార్కులు జ్ఞాపకం ఖాతాలో పడకూడదు. పక్కన కూర్చుని జవాబులు అందించకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆవిడ ముందు ఎలా ఉండేది, ఇప్పుడు ఏం మారింది అనేది చెప్పండి. రోజూ వెళ్ళే గుడి దారి తప్పిందా? చిట్టీ లెక్కలు నోటికి చెప్పే మనిషి ఇప్పుడు పది నోటుకీ వంద నోటుకీ తేడా పోల్చుకోలేకపోతోందా? ఎవరితోనో కాదు, నిన్నటి ఆవిడతో ఇవాళ్టి ఆవిడని పోల్చడమే మీరు ఇవ్వగలిగిన పెద్ద ఆధారం.

ఫోన్‌లో రోజూ వచ్చే క్విజ్‌లకీ ఇదే రూల్. "మీ మెదడు వయసెంత", "మీకు డిప్రెషన్ ఉందా, పది ప్రశ్నల్లో తెలుసుకోండి" అని కనపడితే మూడు ప్రశ్నలు వెయ్యండి. దీన్ని ఎవరి మీద పరీక్షించారు? వాళ్ళు మనలాంటివాళ్ళేనా? ఈ నంబర్‌తో ఎవరు ఏం నిర్ణయం తీసుకుంటారు? జవాబు లేకపోతే అది టైంపాస్, కొలత కాదు.

నంబర్ కనపడగానే మనం వాదించడం మానేస్తాం. 22 అని రాసి ఉంటే అదేదో దేవుడు రాసినట్టు చూస్తాం. కానీ దాని వెనక ఎవరో కూర్చుని ప్రశ్నలు ఎంచుకున్నారు, ఎవరో గీత గీశారు. మంచివాళ్ళు ఆ గీతని పది ఊళ్ళు తిరిగి సరిచూసుకున్నారు. ఇవాళ ఇంటికెళ్ళాక మీ నానమ్మనో తాతయ్యనో ఏడుల లెక్క అడక్కండి. వాళ్ళ చిన్నప్పటి ఇంటి గురించి ఒక మాట చెప్పమనండి.